మాన్యువల్‌లో ఉన్నట్టే కొట్టానండీ: ఆర్గ్యుమెంట్లు రాసే పద్ధతి మీద ఒక కేస్ స్టడీ

“మేడమ్, మీ మాన్యువల్‌లో ఎలా ఉందో అలాగే కొట్టానండీ. మరి ఇలా ఎందుకొచ్చింది?”

విజయవాడ నుంచి ఫోన్ చేసినామె గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడుగుతున్నారు. ఆమె మా క్లయింట్ ఆఫీసులో బిల్లింగ్ చూస్తారు, ప్రోగ్రామర్ కాదు. గడువు దాటి కట్టిన బిల్లుకు నెలకు 50 రూపాయల చొప్పున ఆలస్య రుసుము వేసే రూల్ ఒకటి రాశారు. గడువు ఏప్రిల్ 1, కట్టింది జులై 2. మూడు నెలలకు 150 రూపాయలు రావాలి. బిల్లు మీద 4,600 అచ్చయింది.

4,600ని 50తో భాగిస్తే 92. ఏప్రిల్ 1 నుంచి జులై 2కి సరిగ్గా 92 రోజులు. అంటే నెలలు లెక్కపెట్టాల్సిన చోట రోజులు లెక్కపెట్టారన్నమాట. ఆమె రాసిన రూల్ తెరిచాను. (ఫంక్షన్ అంటే పేరు పెట్టి పిలిస్తే ఒక లెక్క చేసిపెట్టేది, దానికి మనం ఇచ్చే విలువలు ఆర్గ్యుమెంట్లు. ఈ పేర్లు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.)

డేట్‌డిఫ్(డ్యూ_డేట్, పే_డేట్, ["మంత్"])

మాన్యువల్‌లో ఆ ఫంక్షన్ (రెండు తేదీల మధ్య తేడా చెప్పేది) కింద ఉన్న వరుస ఇది:

డేట్‌డిఫ్(స్టార్ట్, ఎండ్[, యూనిట్])

ఆ చదరపు బ్రాకెట్‌తో నేను చెప్పదలచుకున్నది “ఇది ఇవ్వకపోయినా ఫంక్షన్ నడుస్తుంది” అని. ఆమెకు అది కొట్టాల్సిన గుర్తుగా కనిపించింది. కనిపించడంలో వింతేమీ లేదు. రూల్స్ రాయడానికి మా ప్రొడక్ట్‌లో ఉన్న చిన్న భాషలో జాబితా రాయాలంటే చదరపు బ్రాకెట్లే వాడాలి, ఆ సంగతి ఆమె అంతకుముందు అధ్యాయంలోనే నేర్చుకున్నారు. పైగా జాగ్రత్తపరురాలు. “కామా బ్రాకెట్ లోపల పడింది కదండీ, అచ్చుతప్పేమో అని బయటికి తెచ్చాను” అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఏం చెప్పాలో తోచలేదు. నా మాన్యువల్‌ని అంత శ్రద్ధగా చదివిన మనిషి అప్పటిదాకా నాకు తగల్లేదు.

మిగతా పని రూల్స్‌ని నడిపే ఇంజిన్ చేసింది. యూనిట్ అనే ఆర్గ్యుమెంట్‌లో తనకు తెలిసిన మాట కాకుండా ఇంకేదైనా వస్తే, అక్కడ జాబితాయే వచ్చినా సరే, ఎర్రర్ ఇవ్వకుండా “డే” అనుకుని ముందుకు పోయేది. తప్పు ఇంజిన్‌ది కూడా, ఒప్పుకుంటాను. డెవలపర్ దాన్ని ఒక్కరోజులో సరిచేశాడు. ఇప్పుడు జాబితా ఇస్తే ఎర్రర్ వస్తుంది. నా వైపు పని మాత్రం నెలలు పట్టింది. అదే ఈ కేసు.

స్టాండర్డే, కానీ ఎవరి స్టాండర్డ్?

ముందు సందర్భం రెండు మాటల్లో చెప్తాను. నేను అప్పుడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెక్నికల్ రైటర్‌ని. మా బిల్లింగ్ ప్రొడక్ట్‌లో రూల్స్ రాసుకోవడానికి ఒక చిన్న భాష ఉండేది. దాని రెఫరెన్స్ మాన్యువల్ నా బాధ్యత. పాత రైటర్ రాసిన దాన్నే నేను పెంచుకుంటూ వచ్చాను. చదివేవాళ్లలో ప్రోగ్రామర్లు తక్కువ, అకౌంట్స్ వాళ్లు ఎక్కువ.

ఫోన్ విషయం చెప్పగానే మా డెవలపర్ అన్నాడు, “అక్కా, అది స్టాండర్డ్ కదా. ప్రపంచమంతా అలాగే రాస్తారు.” అతనన్నది నిజమే. 1960లలో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష మాన్యువల్స్‌లోనే, వదిలేయగల భాగాన్ని చదరపు బ్రాకెట్లో పెట్టేవాళ్లు, రెండుమూడింట్లో ఒకటి ఎంచుకోవాలంటే మీసాల బ్రాకెట్, మళ్లీమళ్లీ రావచ్చంటే మూడు చుక్కలు. 1977లో నిక్లాస్ విర్త్ (పాస్కల్ భాష సృష్టికర్త) ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణం రాయడానికి ప్రతిపాదించిన పద్ధతిలోనూ చదరపు బ్రాకెట్ అంటే “ఉన్నా లేకున్నా సరే” అనే. యూనిక్స్ మ్యాన్ పేజీ (కమాండ్ల మాన్యువల్ పేజీ) ఏది తెరిచినా పైన కమాండ్ పేరు, పక్కన బ్రాకెట్లలో ఆప్షన్లు.

అయితే కోబాల్ విషయంలో ఒక చిన్న తేడా ఉంది. కోబాల్ ప్రోగ్రాములో చదరపు బ్రాకెట్ అనే అక్షరమే లేదు. మాన్యువల్‌లో చూసి కొడదామన్నా భాషలో దానికి చోటు లేదు. కాబట్టి అది భాష గురించి చెప్పే గుర్తే తప్ప భాషలోది కాదని చూడగానే తెలిసేది. ఆ తర్వాత సీ భాషలో చదరపు బ్రాకెట్ ఎరేలకు (వరుసగా పేర్చిన విలువలకు) పోయింది, పైథాన్‌లో జాబితాలకు పోయింది, మా చిన్న భాషలోనూ అంతే. గుర్తు మాత్రం పాత అర్థంతోనే మాన్యువల్స్‌లో ఉండిపోయింది. ఒకే గుర్తు, ఒకే పేజీ, రెండు అర్థాలు. ప్రోగ్రామర్ ఆ రెంటినీ విడదీసి చూడటం ఎప్పుడో అలవాటు చేసుకున్నాడు, అలవాటైందని కూడా అతనికి గుర్తులేదు. బిల్లింగ్ చూసే మనిషి ఎందుకు విడదీస్తారు?

ఇక బ్రాకెట్‌లో బ్రాకెట్ సంగతి. పైథాన్ మాన్యువల్‌లో మాట వెతికే ఫంక్షన్‌ని ఏళ్ల తరబడి ఇలా చూపిస్తున్నారు: ఫైండ్(సబ్[, స్టార్ట్[, ఎండ్]]). దీన్ని విప్పితే, స్టార్ట్ ఇవ్వకపోవచ్చు, ఇస్తే ఎండ్ కూడా ఇవ్వొచ్చు, స్టార్ట్ ఇవ్వకుండా ఎండ్ ఒక్కటే ఇవ్వడం కుదరదు. చివర్లో రెండు బ్రాకెట్లు పక్కపక్కనే మూసుకోవడంలో ఇంత సమాచారం దాగి ఉంది. చాలామంది ప్రోగ్రామర్లే దీన్ని చదవరు, చూసి వదిలేస్తారు. మా మాన్యువల్‌లో ఇలా మూడంతస్తుల బ్రాకెట్లున్న ఫంక్షన్ కూడా ఒకటుండేది. దాన్ని రాసినప్పుడు నాకు గర్వంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

మొదట చేసిన పనికిరాని పనులు

అందరూ చేసేదే నేనూ చేశాను. మాన్యువల్ మొదట్లో “ఈ పుస్తకంలో వాడిన గుర్తులు” అని ఒక పేజీ ఉండేది. అందులో బ్రాకెట్ల గురించి ఉన్న వాక్యాన్ని బోల్డ్ చేసి, కింద “ఈ బ్రాకెట్లు కొట్టకండి” అని చేర్చాను. ఆ పేజీ ఎవరూ చదవరు. రెఫరెన్స్ మాన్యువల్‌ని మొదటి పేజీ నుంచి చదివేవాళ్లుండరు. ఎర్రర్ వచ్చినప్పుడు వెతుక్కుని నేరుగా డేట్‌డిఫ్ దగ్గరికి వస్తారు, అక్కడే చూసి అక్కడి నుంచే వెళ్లిపోతారు. గుర్తు అర్థం ఆ చోట తెలియకపోతే ఇక ఎక్కడా తెలియనట్టే.

తర్వాత బ్రాకెట్లను లేత బూడిద రంగులోకి మార్చాను. తెర మీద బాగానే ఉంది. వాళ్లు ఆ పేజీలను నలుపు తెలుపులో ప్రింట్ తీసి టేబుల్ అద్దం కింద పెట్టుకుంటారని, లేదా కాపీ చేసి ఎడిటర్లో పేస్ట్ చేస్తారని నాకు తట్టలేదు. పేస్ట్ చేశాక బూడిద రంగు ఎక్కడుంటుంది? బ్రాకెట్ ఒక్కటే మిగులుతుంది.

అప్పుడు చేసిన మూడో పనే కాస్త ఉపయోగపడింది. సపోర్ట్ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లను నలుగురైదుగురిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ఒక ఫంక్షన్ పేజీ చేతికిచ్చి, “దీన్ని చదివి ఫలానా లెక్క రాయండి” అన్నాను. నేను నోరు మెదపకుండా పక్కన కూర్చోవాలి, అంతే. అది అన్నిటికన్నా కష్టమైన పని. బ్రాకెట్ కొట్టినవాళ్లు ఉన్నారు. కొట్టకపోయినా “ఇది ఇవ్వాలా వద్దా” అని ఆగిపోయినవాళ్లు ఉన్నారు. ఒకబ్బాయి మాత్రం బ్రాకెట్‌ని సరిగ్గానే అర్థం చేసుకుని, “బ్రాకెట్లో ఉందంటే ఛాయిస్‌లో వదిలేయొచ్చు కదా మేడమ్” అని యూనిట్ వదిలేశాడు. లెక్క నెలల్లో అడిగాను. అతని జవాబు రోజుల్లో వచ్చింది.

అక్కడ నాకు రెండో సమస్య కనిపించింది. గుర్తును తప్పుగా చదవడం ఒకటైతే, సరిగ్గా చదివి కూడా తప్పు చేయడం ఇంకోటి. “ఇవ్వకపోయినా నడుస్తుంది” అని నేనంటే చదివేవాడికి “ఇది ముఖ్యం కాదు” అని వినిపిస్తోంది. పరీక్ష పేపర్లో ఛాయిస్‌లో వదిలేసిన ప్రశ్నకు నష్టం ఉండదు. ఫంక్షన్‌లో వదిలేసిన ఆర్గ్యుమెంట్‌కు మాత్రం ఎవరో ఒకరు మన తరఫున జవాబు రాసేస్తారు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఎక్సెల్‌లోనే ఉంది. పట్టికలో విలువ వెతికే వీలుకప్ ఫంక్షన్ కొట్టడం మొదలుపెట్టగానే కింద చిన్న పట్టీలో నాలుగు ఆర్గ్యుమెంట్లు కనిపిస్తాయి, చివరిది [రేంజ్_లుకప్] అని బ్రాకెట్లో. బ్రాకెట్లో ఉంది కదా అని మన ఆఫీసుల్లో ఎంతమంది దాన్ని వదిలేశారో! వదిలేస్తే ఎక్సెల్ దాన్ని ట్రూ అనుకుంటుంది, అంటే సరిగ్గా అదే విలువ దొరక్కపోతే దానికన్నా తక్కువలో దగ్గరదాన్ని ఇచ్చేస్తుంది. టేబుల్ వరుసక్రమంలో లేకపోతే ఏదిస్తుందో చెప్పలేం. ఇంకో విడ్డూరం ఏమిటంటే, నాలుగో ఆర్గ్యుమెంట్ అసలు ఇవ్వకపోతే ట్రూ, దాని ముందున్న కామా కొట్టి ఖాళీ వదిలేస్తే ఫాల్స్. ఒక్క కామా తేడాతో జవాబు మారిపోతుంది. తర్వాత వచ్చిన ఎక్స్‌లుకప్‌లో ఏమీ ఇవ్వకపోతే సరిగ్గా అదే విలువను వెతికేలా మార్చారు. అంటే డిజైన్ చేసినవాళ్లకూ విషయం తెలిసొచ్చిందనే అనుకుంటాను.

పెద్దవాళ్ల పుస్తకాల్లో ఏం చేశారు

మళ్లీ రాయడానికి కూర్చునే ముందు ఇతర భాషల మాన్యువల్స్ తిరగేశాను. ఎక్కువ సమయం పైథాన్ దగ్గరే గడిచింది. ఎందుకంటే అక్కడ ఈ గొడవ అంతా బహిరంగంగా జరిగింది.

పైథాన్‌లో సీ భాషలో రాసిన లెన్ (పొడవు చెప్పేది) లాంటి ఫంక్షన్లున్నాయి. మాన్యువల్‌లో చాలాకాలం లెన్(ఎస్) అని ఉండేది. అది చూసి లెన్(ఎస్=నా_జాబితా) అని పిలిస్తే ఎర్రర్ వస్తుంది. ఆ “ఎస్” చదివేవాళ్ల కోసం పెట్టిన పేరే తప్ప పిలవడానికి పనికొచ్చే పేరు కాదు. ఈ తేడాను మాన్యువల్‌లో చూపించడానికి చాలాకాలం గుర్తే లేదు. 2012లో పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్ స్లాష్ గుర్తు వాడదామన్నాడు. అప్పటికే పైథాన్‌లో నక్షత్రం గుర్తు తర్వాత వచ్చేవాటిని పేరుతోనే ఇవ్వాలి. స్లాష్ దానికి తిరగేసిన పని చేస్తుంది, దానికి ముందున్నవాటిని వరుసలోనే ఇవ్వాలి. 2013లో ల్యారీ హేస్టింగ్స్ దీన్ని పెప్ (పైథాన్‌లో మార్పుల ప్రతిపాదన పత్రం) 457గా రాశాడు. 2014లో వచ్చిన పైథాన్ 3.4 వెర్షన్ నుంచి కొన్ని ఫంక్షన్ల హెల్ప్‌లో స్లాష్ కనిపించడం మొదలైంది. కానీ అప్పటికి అది కేవలం డాక్యుమెంటేషన్ గుర్తే. మన ఫంక్షన్‌లో అదే స్లాష్ రాస్తే సింటాక్స్ ఎర్రర్. పెప్ 570 ద్వారా 2019 అక్టోబర్‌లో వచ్చిన 3.8లో గానీ స్లాష్ భాషలో భాగం కాలేదు.

నాకు ఈ కథ చాలా నచ్చింది. మాన్యువల్‌లో కనిపించే గుర్తును జనం కోడ్‌లో కొడతారు. ఆ చిక్కును వాళ్లు గుర్తును తీసేసి కాదు, గుర్తును కొట్టినా చెల్లేలా చేసి విప్పారు. ఇప్పుడు సార్టెడ్ ఫంక్షన్ వరుస సార్టెడ్(ఇటరబుల్, /, *, కీ=నన్, రివర్స్=ఫాల్స్) అని ఉంటుంది, ఆ వరుసనే మీ సొంత ఫంక్షన్‌కి పైన పెట్టుకున్నా భాష ఒప్పుకుంటుంది. మాన్యువల్ రాసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

అయినా అక్కడా బ్రాకెట్లు పూర్తిగా పోలేదు, పోకపోవడానికి కారణం ఉంది. పైథాన్ డిక్షనరీలో (ఒక్కో కీ కింద ఒక్కో విలువను దాచే పట్టికలో) గెట్, పాప్ అని రెండు ఫంక్షన్లు ఉన్నాయి. గెట్‌కి రెండో ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే, కీ దొరకనప్పుడు నన్ (“ఏమీ లేదు” అని చెప్పే విలువ) వస్తుంది. కాబట్టి దాన్ని గెట్(కీ, డిఫాల్ట్=నన్) అని రాసేయొచ్చు. పాప్ అలా కాదు. రెండో ఆర్గ్యుమెంట్ ఇస్తే కీ దొరకనప్పుడు అదే తిరిగొస్తుంది, ఇవ్వకపోతే కీఎర్రర్ వస్తుంది. పాప్‌కి అక్కడ డిఫాల్ట్ అంటూ ఏ విలువా లేదు. నన్ ఇవ్వడం వేరు, ఏమీ ఇవ్వకపోవడం వేరు. డిఫాల్ట్=నన్ అని రాస్తే అబద్ధమవుతుంది. అందుకే పాప్(కీ[, డిఫాల్ట్]) అని చాలాకాలం బ్రాకెట్‌తోనే ఉంచారు. బ్రాకెట్‌తో మనం రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నామని నాకు ఇది చదివాకే తెలిసింది: “ఇవ్వకపోతే ఫలానా విలువ ఇచ్చినట్టే” అన్నది ఒకటి, “ఇవ్వకపోతే ఫంక్షన్ ప్రవర్తనే మారిపోతుంది” అన్నది ఇంకోటి.

ఇంకా చిక్కైనది పైథాన్‌లోనే ఉన్న కర్సెస్ మాడ్యూల్‌లోని యాడ్‌సీహెచ్. తెర మీద ఒక అక్షరం పెట్టే ఫంక్షన్ అది. ఎక్కడ పెట్టాలో చెప్పే వై, ఎక్స్ రెండూ కలిపి ఇవ్వాలి, లేదా రెండూ మానేయాలి, పైగా అవి ముందు వస్తాయి. దీన్ని ఒక్క వరుసలో బ్రాకెట్లతో ఇరికించడం కన్నా రెండు వరుసలుగా రాయడమే మేలని ఇప్పటి మాన్యువల్ చూస్తే తెలుస్తుంది. అంకెల వరుస ఇచ్చే రేంజ్‌కీ అంతే, ఒక్క ఆర్గ్యుమెంట్‌తో ఒక వరుస, రెండు లేక మూడింటితో ఇంకో వరుస. జావాస్క్రిప్ట్‌కి మొజిల్లా నడిపే ఎండీఎన్ డాక్యుమెంటేషన్ ఈ దారిలో ఇంకా ముందుకెళ్లింది. జాబితా ముక్క కోసే స్లైస్‌ని స్లైస్(), స్లైస్(స్టార్ట్), స్లైస్(స్టార్ట్, ఎండ్) అని మూడు వరుసలుగా రాస్తారు. బ్రాకెట్లు లేవు, అర్థం చేసుకోవాల్సిన గుర్తూ లేదు. ఏ వరుస కాపీ చేసుకున్నా నడుస్తుంది.

వెబ్‌సైట్లకు వాడే పీహెచ్‌పీ భాష మాన్యువల్ కూడా మారింది. పాత పేజీల్లో స్ట్ర్‌పాస్ (ఒక మాటలో ఇంకో మాట ఎక్కడుందో చెప్పేది) లాంటి ఫంక్షన్ల వరుసలో చదరపు బ్రాకెట్, దాని లోపల కామా, ఆ తర్వాత ఆఫ్‌సెట్ = 0, ఇలా మాన్యువల్ గుర్తులూ భాష గుర్తులూ కలగలిసి ఉండేవి. ఇప్పుడు బ్రాకెట్ల జాడ లేదు, భాషలో ఎలా రాస్తారో అలాగే రాస్తున్నారు.

మా పేజీ ఎలా మారింది

చివరికి డేట్‌డిఫ్ పేజీ పైభాగం ఇలా తయారైంది:

డేట్‌డిఫ్(స్టార్ట్, ఎండ్)
డేట్‌డిఫ్(స్టార్ట్, ఎండ్, యూనిట్)

దాని కింద వెంటనే, వేరే విభాగంలో కాకుండా, నిజంగా నడిచే ఒక కాల్. అందులో యూనిట్‌గా "మంత్" కొటేషన్లతో సహా ఉంటుంది. తర్వాత ఒక్కో ఆర్గ్యుమెంట్‌కి ఒక పేరా.

ఆ పేరా ఎలా మొదలవ్వాలన్నది ఎక్కువ సేపు తేలలేదు. మాన్యువల్ ఇంగ్లీషులో ఉండేది, ట్రైనింగ్‌లో ఇచ్చే చిన్న పుస్తకం తెలుగులో. తెలుగు పుస్తకంలో మొదట “ఐచ్ఛికం” అని రాశాను. నిఘంటువు ప్రకారం తప్పు లేదు, కానీ చదివినవాళ్లకు మళ్లీ ఛాయిసే గుర్తొచ్చింది. “ఆప్షనల్” అన్నా అంతే. ఆ మాటే తీసేశాను. దాని బదులు ప్రతి ఆర్గ్యుమెంట్ పేరాలో రెండో వాక్యం తప్పనిసరిగా “ఇవ్వకపోతే” అని మొదలవ్వాలని నియమం పెట్టుకున్నాను. “ఇవ్వకపోతే రోజుల్లో లెక్కపెడుతుంది.” “ఇవ్వకపోతే ఎర్రర్ వస్తుంది.” “ఇవ్వకపోతే కోడ్ దొరకనప్పుడు రూల్ అక్కడే ఆగిపోతుంది. ఇస్తే, దొరకనప్పుడు మీరిచ్చిన విలువ తిరిగొస్తుంది.” తప్పనిసరి ఆర్గ్యుమెంట్‌కీ ఈ వాక్యం ఉంటుంది. దాంతో “ఇది ఇవ్వాలా వద్దా” అన్న ప్రశ్నే పోయింది, వదిలేస్తే ఏమవుతుందో మాత్రమే మిగిలింది.

ఈ నియమంతో ఒక పక్కఫలితం నేను ఊహించనిది. “ఇవ్వకపోతే” తర్వాత ఏం రాయాలో తెలియని ఫంక్షన్లు బయటపడ్డాయి. డెవలపర్లను అడిగితే వాళ్లకూ తెలియలేదు, కోడ్ తెరిచి చూడాల్సి వచ్చింది. ఒక రౌండింగ్ ఫంక్షన్‌లో దశాంశ స్థానాల సంఖ్య ఇవ్వకపోతే ఒక రకంగా, దానికి ఖాళీ విలువ ఇస్తే ఇంకో రకంగా నడుస్తోంది. వీలుకప్ కామా కథే. అది తప్పని వాళ్లే ఒప్పుకుని మార్చారు.

ఇదంతా అందరికీ నచ్చలేదు. మూడు చివరి ఆర్గ్యుమెంట్లు వదిలేయగల ఫంక్షన్‌కి నాలుగు వరుసలవుతాయి. రిపోర్ట్ తయారుచేసే ఒక ఫంక్షన్‌కి తొమ్మిది ఆర్గ్యుమెంట్లున్నాయి, దాన్ని ఈ పద్ధతిలో రాయడం హాస్యాస్పదం. దానికి మాత్రం రెండే వరుసలు ఇచ్చి (అతి చిన్న కాల్, అన్నీ ఉన్న కాల్) మిగతాదంతా పట్టికలో పెట్టాను. తొమ్మిది ఆర్గ్యుమెంట్లున్న ఫంక్షన్‌కి మంచి డాక్యుమెంటేషన్ ఉండదని నా అభిప్రాయం. దాన్ని రెండుమూడు ఫంక్షన్లుగా విడగొట్టమని అడిగాను. “పాత రూల్స్ అన్నీ పగిలిపోతాయక్కా” అన్నారు. నిజమే.

పేరు పెట్టాక వెనక్కి తీసుకోలేం

కొన్ని నెలల తర్వాత మా భాషలో ఆర్గ్యుమెంట్లను పేరుతో ఇచ్చే సదుపాయం వచ్చింది. దాన్ని ట్రైనింగ్‌లో చెప్పడానికి నాకు తెలుగు వ్యాకరణం పనికొచ్చింది. “రాముడు రావణుణ్ణి చంపాడు” అన్నా, “రావణుణ్ణి రాముడు చంపాడు” అన్నా చచ్చింది రావణుడే. విభక్తి ఉంది కాబట్టి మాట ఎక్కడున్నా ఎవరు ఎవరిని అన్నది మారదు. ఇంగ్లీషులో ఆ సుఖం లేదు, మాటలు అటూ ఇటూ మారిస్తే రాముడే పోతాడు. వరుసలో ఇచ్చే ఆర్గ్యుమెంట్లు ఇంగ్లీషు వాక్యం లాంటివి. పేరుతో ఇచ్చేవి మన వాక్యం లాంటివి, పేరే విభక్తి. డు ము వు లు బట్టీపట్టిన క్లాసులో ఇది ఒక్క నిమిషంలో అర్థమైంది.

వరుస మీద ఆధారపడితే వచ్చే తలనొప్పికి పీహెచ్‌పీ పాత ఉదాహరణ. గడ్డివాములో సూది వెతికినట్టు అంటాం కదా, ఆ మాన్యువల్‌లో ఆర్గ్యుమెంట్ల పేర్లే హేస్టాక్, నీడిల్. స్ట్ర్‌పాస్‌లో గడ్డివాము ముందు, సూది తర్వాత. ఇన్_ఎరేలో సూది ముందు, గడ్డివాము తర్వాత. ఏళ్లుగా రాస్తున్నవాళ్లు కూడా ప్రతిసారీ మాన్యువల్ తెరుస్తారు. 2020 నవంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 8.0లో పేరుతో ఇచ్చే వీలు కల్పించారు. దానికి ముందు భాషలోని సొంత ఫంక్షన్ల ఆర్గ్యుమెంట్ పేర్లను చాలావరకు దిద్ది ఒక పద్ధతిలోకి తెచ్చారు. అప్పటిదాకా పేరు మాన్యువల్‌లో చదవడానికే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పేరుతో పిలవడం మొదలయ్యాక మారిస్తే జనం రాసిన కోడ్ పగిలిపోతుంది.

ఆ దిద్దే పని మేం చేయలేదు. మాన్యువల్‌లో స్టార్ట్, ఎండ్ అని అందమైన పేర్లు, కోడ్‌లో మాత్రం డి1, డి2. పాత రైటర్ చదవడానికి బాగుంటాయని మార్చి రాశారు, నేనూ అలాగే కొనసాగించాను. అప్పట్లో అది మంచి పనే. కొత్త వెర్షన్ వచ్చిన మొదటి రోజే ఒకరు డేట్‌డిఫ్(స్టార్ట్=డ్యూ_డేట్, ఎండ్=పే_డేట్) అని రాశారు. “స్టార్ట్ అనే ఆర్గ్యుమెంట్ లేదు” అని ఎర్రర్. మళ్లీ అదే మాట: మాన్యువల్‌లో ఉన్నట్టే కొట్టామండీ.

ఈసారి మాన్యువల్‌ని కోడ్‌కి తగ్గట్టు మార్చడానికి నేను ఒప్పుకోలేదు. డి1, డి2 అని పిలవమని అకౌంట్స్ వాళ్లకు ఎలా చెప్తాం? కోడ్‌లోనే పేర్లు మార్చమని పట్టుబట్టాను. రెండు వారాలు వాదన నడిచింది. (ఆర్గ్యుమెంట్ల మీద ఆర్గ్యుమెంట్ అని మా టీమ్‌లో జోకు.) ఇంకా ఎవరూ పేర్లతో పెద్దగా రాయలేదు కాబట్టి చివరికి మార్చారు. మళ్లీ ఇలా జరగకుండా ఒక చిన్న స్క్రిప్ట్ రాయించాం. రిలీజ్‌కి ముందు అది మాన్యువల్‌లోని ప్రతి వరుసను, కోడ్‌లోని ఫంక్షన్‌ను పక్కపక్కన పెట్టి పేర్లు, వరుస, డిఫాల్ట్ విలువలు పోల్చి, తేడా ఉంటే బిల్డ్ (కొత్త వెర్షన్ తయారీ) ఆపేస్తుంది. ఇది మా సొంత తెలివి కాదు. ఆర్ భాషలో ప్యాకేజీ తనిఖీ చేసే కమాండ్ చాలాకాలంగా చేస్తున్న పనే, అక్కడ హెల్ప్ పేజీలో రాసిన వాడుక కోడ్‌తో సరిపోకపోతే హెచ్చరిక వస్తుంది.

పైథాన్ పద్ధతిలో స్లాష్ పెడదామా అని కూడా ఆలోచించాం, కొన్ని ఫంక్షన్లకు పేర్లు ఖరారు చేయకుండా ఉండొచ్చు కదా అని. వద్దన్నాను. ఒక గుర్తును వదిలించుకోవడానికి పడ్డ పాట్లు చాలు, ఆ చోట్లో ఇంకో గుర్తు తెచ్చి మళ్లీ దాని అర్థం నేర్పే ఓపిక నాకు లేదు. ప్రోగ్రామర్ల కోసం రాసే మాన్యువల్ అయితే నా జవాబు వేరుగా ఉండేదేమో.

మిగిలిపోయింది

కొత్త పేజీలు వచ్చిన కొంతకాలానికి విజయవాడ నుంచి ఆమే మళ్లీ ఫోన్ చేశారు. బ్రాకెట్ గురించే. నాకు నమ్మబుద్ధి కాలేదు, మాన్యువల్ అంతా వెతికాను, ఒక్కటి కూడా లేదు. “మాన్యువల్ కాదండీ, కింద ఎర్ర అక్షరాల్లో వస్తోంది కదా, అందులో ఉంది” అన్నారు.

ఆర్గ్యుమెంట్ల సంఖ్య తప్పినప్పుడు ఇంజిన్ ఇచ్చే ఎర్రర్ మెసేజ్‌లో ఫంక్షన్ వరుస కూడా వస్తుంది. దాన్ని కోడ్ తనంతట తానే తయారుచేస్తుంది, పాత పద్ధతిలో, బ్రాకెట్లతో. ఎడిటర్లో ఫంక్షన్ పేరు కొట్టగానే పక్కన వచ్చే చిన్న సూచన కూడా అక్కడి నుంచే వస్తుంది. అంటే రోజుకి ఒకటి రెండుసార్లు తెరిచే మాన్యువల్‌ని నేను నెలల తరబడి దిద్దుతుంటే, గంటకు పదిసార్లు కళ్లబడే చోట అదే [, యూనిట్] అలాగే ఉంది. సరిచేయమని డెవలపర్లకు టికెట్ పెట్టాను. ప్రయారిటీ దగ్గర “తక్కువ” అని రాసి పక్కన పెట్టారు. నేను ఆ కంపెనీ వదిలే రోజుకి కూడా ఆ టికెట్ తెరిచే ఉంది.